నొప్పి ఒకచోట, ముడి ఇంకోచోట: ట్రిగ్గర్ పాయింట్లను చేత్తో ఎలా నొక్కాలి

పోయిన వేసవిలో టంగుటూరు వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. పొగాకు గ్రేడింగ్ పనికి పోతుంది. రెండు నెలలుగా కుడి కణత పోటు. కళ్లద్దాలు మార్పించుకుంది, మాత్రలు మింగింది, అమృతాంజనం డబ్బాలు ఖాళీ చేసింది, తలకు గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకుంటోంది. నేను ఆమె కణత జోలికి పోలేదు. మెడకూ భుజానికీ మధ్యనుండే కండను బొటనవేలికీ మిగతా వేళ్లకూ నడుమ పట్టుకుని మెల్లగా వత్తాను. "ఏందబ్బయ్యా, తలనొప్పంటే భుజం పిసుకుతావు" అని నవ్వబోయి ఆగిపోయింది. కణత మీద వేలు పెట్టుకుని, "ఇదే, ఇదే పోటు. ఇక్కడికే వచ్చింది" అంది.

ఆ "ఇదే" అనే మాట వినడమే ఈ పనిలో సగం. మిగతా సగం ఓపిక. బలం పాలు చాలా తక్కువ. మన ఇళ్లల్లో మాత్రం ఉల్టాగా నడుస్తుంది. నొప్పి ఎక్కడుంటే అక్కడే, ఎంత బలముంటే అంత బలంతో. పిల్లాణ్ని నడుం మీద ఎక్కించి తొక్కించుకోవడం, అమ్మ అని అరిచేదాకా పిసకడం, అరిస్తే "అదీ, దొరికింది" అని ఇంకాస్త గట్టిగా పిసకడం. ఒంగోల్లో ఫిజియోథెరపీ చేసుకునే నాకు ఇలా కమిలిపోయి వచ్చే వీపులు కొత్త కాదు. అందుకే ఇంట్లో ఎలా చేసుకోవాలో, ఎక్కడ ఆపాలో రాస్తున్నాను.

ముందు ఈ ముడి సంగతి. "నరం మీద నరం ఎక్కింది" అంటాం గానీ నరం ఎక్కడా ఎక్కదు. కండలో కొన్ని పోగులు బిగుసుకుని సన్నని తీగలా తయారవుతాయి. ఆ తీగ మీద ఒకచోట శనగగింజంత, ఒక్కోసారి అంతకన్నా చిన్నగా, నొక్కితే ప్రాణం లేచొచ్చే చోటు ఉంటుంది. దాన్నే ట్రిగ్గర్ పాయింట్ అంటారు. నరం కొస దగ్గర ఒక రసాయనం అవసరానికి మించి విడుదలవడం వల్ల ఆ పోగులు వదులు కాకుండా ఉండిపోతాయనీ, బిగువుకు చుట్టూ ఉన్న సన్న రక్తనాళాలు నలిగి అక్కడికి రక్తం చాలదనీ, అందుకే నొప్పి పుట్టించే పదార్థాలు అక్కడ పేరుకుంటాయనీ ఎక్కువమంది చెప్పే వివరణ. ఇది ఇంకా పూర్తిగా తేలిన విషయం కాదు. ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు తడిమి చూస్తే ముడి ఒకే చోట చూపించకపోవడం కూడా మామూలే. నొక్కితే వచ్చే హాయి కొన్ని గంటలో కొన్ని రోజులో ఉంటుంది, ఒక్క నొక్కుడుతోనే ఏళ్లనాటి నొప్పి పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను దీన్ని ఎందుకు వాడతానంటే, జాగ్రత్తగా చేస్తే ఖర్చు లేదు, హాని తక్కువ, నొప్పి తగ్గిన ఆ కాస్త సమయంలో మనిషి మెడ తిప్పగలడు, చెయ్యి ఎత్తగలడు, వ్యాయామం మొదలుపెట్టగలడు.

ఒకచోట ముడి ఉంటే నొప్పి ఇంకెక్కడ తేలుతుందో ఓపికగా పటాలు గీయించిన మనిషి అమెరికా డాక్టరు జానెట్ ట్రావెల్. కెన్నెడీ నడుంనొప్పికి 1955 నుంచి వైద్యం చేసింది, 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్ డాక్టరైంది. ఆయన్ని ఊగే కుర్చీలో కూర్చోమన్నదీ ఈవిడే. ఆవిడ ఎక్కువగా సూదులతో, చల్లటి స్ప్రేతో చేసింది. చేత్తో నొక్కే పద్ధతి కూడా ఆ దారిలోదే. మొదట్లో ఆ చోటికి రక్తం ఆగేంత గట్టిగా నొక్కాలనేవారు. 1990ల చివరికి ఆ మాట మార్చుకున్నారు. వేలికి అడ్డు తగిలేదాకా మాత్రమే నొక్కి, అది వదులయ్యేదాకా ఆగమన్నారు. మనకు కావలసింది ఈ రెండో పద్ధతి.

చెయ్యి వేయకూడని మనుషులు, చోట్లు

ఈ భాగం వదిలేసి కిందికి పోవద్దు.

ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగుడు, దవడలో నొప్పి, చెమటలు, ఆయాసం. వీటిలో ఏది కొత్తగా వచ్చినా భుజం నొక్కించుకుంటూ, గ్యాస్ అనుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. నడుంనొప్పితో పాటు మూత్రం మీద గానీ విరేచనం మీద గానీ అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం ఈడ్చుకుపోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే. జ్వరంతో వచ్చే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చే నొప్పి, రాత్రి ఎటు తిరిగినా తగ్గని నొప్పి, ఇదివరకు క్యాన్సర్ ఉన్నవాళ్లకు వచ్చే కొత్త నొప్పి, పెద్దవాళ్లకు జారిపడ్డాక వచ్చే నొప్పి, ఇవి ముడులని ముందే అనుకోవద్దు. డాక్టరు చూశాకే చెయ్యి పెట్టాలి.

పిక్క విషయంలో ఇంకా జాగ్రత్త. ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పి పుడుతోందనుకోండి, ముఖ్యంగా ఆపరేషన్ అయి మంచంలో ఉన్నాకో, గంటల తరబడి బస్సులో కూర్చుని వచ్చాకో అయితే, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణం మీదికొచ్చే పని.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు, అంటే వార్ఫరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ లాంటివి, గట్టి నొక్కుడు పనికిరాదు, లోపల కమిలిపోతుంది. స్టంటు వేయించుకున్నవాళ్లు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు తాము వాడే మందులేవో ఒకసారి చూసుకోండి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ల వీపు మీద మోచేత్తో వాలొద్దు. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారిన వాళ్లకు కాళ్లు నొక్కడం వద్దు. ఎంత నొప్పిగా ఉందో వాళ్లే చెప్పలేనప్పుడు మీకేం తెలుస్తుంది? గర్భిణులకు డాక్టరు ఒప్పుకుంటేనే, అదీ మెత్తగానే. పుండ్లు, చీముగడ్డలు, ఉబ్బిన నరాలు ఉన్నచోట వేలు పెట్టొద్దు.

ఇక చోట్లు. మెడకు ముందువైపు, నాడి కొట్టుకునే చోట ఎప్పుడూ నొక్కకండి. చంకలో, మోచేతి లోపలివైపు, మోకాలి వెనక గుంటలో, గజ్జల్లో నరాలూ రక్తనాళాలూ పైపైనే ఉంటాయి. వెన్నుపూసల మీద సూటిగా నొక్కొద్దు, వాటికి అటూ ఇటూ ఉండే కండ మీదే మన పని. చివరి పక్కటెముక కింద డొక్కల దగ్గర మూత్రపిండాలుంటాయి, అక్కడ బంతి పెట్టి దానిమీద పడుకోవద్దు.

చెయ్యి పెట్టే ముందు

గోళ్లు కత్తిరించుకోండి. నూనె రాయొద్దు. నూనె రాస్తే చెయ్యి జారిపోతుంది, ముడి దొరకదు. మాలిష్ వేరు, ఇది వేరు. కావాలంటే అయ్యాక రాసుకోండి.

కండ కాస్త వెచ్చబడి ఉంటే పని తేలిక. వేడినీళ్ల స్నానం, లేదా వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు పది నిమిషాలు. మే నెలలో ఒంగోల్లో కాపడం అంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ బలవంతం చేయను. అప్పుడు అయిదు నిమిషాలు చేతులూ భుజాలూ తిప్పినా చాలు.

నొక్కించుకునే కండ వదులుగా ఉండాలి. భుజం నొక్కేటప్పుడు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చేతి కింద దిండు పెట్టండి. చెయ్యి వేలాడుతుంటే దాని బరువుకే భుజం బిగుసుకుంటుంది. నిలబడ్డ మనిషి మెడ నొక్కడం మనకు సినిమాల్లో అలవాటైన దృశ్యం, దండగ పని.

పది లెక్క మాట్లాడుకోండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే ఓర్చుకోలేనిది. నొక్కినప్పుడు అయిదూ ఆరూ మధ్య ఉండాలి. తియ్యటి నొప్పి అంటాం చూశారా, అది. ఊపిరి బిగబట్టినా, పిడికిలి బిగించినా, మొహం చిట్లించినా ఏడు దాటినట్టే. నోటితో "పర్లేదు" అంటున్నా సరే. మన పెద్దవాళ్లు పర్లేదు అనడంలో సిద్ధహస్తులు. చదువుకునే రోజుల్లో కొత్తగా నేర్చిన ఉత్సాహంలో మా అమ్మ భుజాన్ని మోచేత్తో వంగి మరీ నొక్కాను. "హాయిగా ఉంది నాయనా" అంది. తర్వాత మూడు రోజులు ఎండాకాలంలో కూడా కొంగు భుజం నిండా కప్పుకుని తిరుగుతుంటే అనుమానం వచ్చి చూశాను. అరచేతి మందాన నల్లగా కమిలి ఉంది. అప్పటినుంచీ నేను నోటి మాట కన్నా ఊపిరినే ఎక్కువ నమ్ముతాను.

బలం ఎంతో అంచనా రాకపోతే వంటింటి కాటా తెచ్చుకుని బొటనవేలితో దాని మీద నొక్కి చూడండి. ముల్లు రెండు మూడు కేజీల దగ్గర ఆగేంత బలం మొదటిసారికి చాలా ఎక్కువే. అక్కణ్నుంచి తగ్గించుకోవాలి తప్ప పెంచుకోవద్దు.

వెతకడం

అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎక్కడ నొప్పి" కాదు, "ఏం చేస్తే ఎక్కువవుతుంది" అనేది. మెడ ఎటు తిప్పితే పట్టేస్తుంది, జాకెట్టు హుక్కు పెట్టుకునేటప్పుడు చెయ్యి వెనక్కి పోతుందా, లేచేటప్పుడా కూర్చునేటప్పుడా. ఆ పని చేయించి చూస్తే బిగిసిన కండ ఏదో చూచాయగా తెలుస్తుంది.

తర్వాత వేళ్లతో తడమండి. వీపు లాంటి పల్చటి చోట్ల మూడు వేళ్ల కొసలు ఆనించి, కండ పోగులకు అడ్డంగా, చర్మాన్ని కూడా వేళ్లతో పాటే జరుపుతూ మెల్లగా అటూ ఇటూ కదపండి. నులకమంచం తాడు మీద వేలు దొర్లినట్టు ఒక పోగు తగులుతుంది. భుజం కండ లాంటి చేతికి దొరికే చోట అయితే చిటికెలో పట్టుకుని నలిపి చూడొచ్చు. తాడు దొరికాక దాని వెంబడే పైకీ కిందికీ అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. అన్నిచోట్లా కాస్త నొప్పి ఉంటుంది, ఒకచోట మాత్రం మనిషి ఉలిక్కిపడతాడు. ఒక్కోసారి ఆ కండ మీ వేలి కింద ఒక్క క్షణం చేప తోకలా కొట్టుకుంటుంది.

అక్కడ పది సెకన్లు ఆగి అడగండి: "ఈ నొప్పి ఎటైనా పోతోందా? మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" ఇదే అంటే సరైన చోటు. నొక్కితే నొప్పే గానీ రోజూ వచ్చేది ఇది కాదంటే దాన్ని వదిలేసి ముందుకు పోండి. ఒళ్లంతా వెతికితే ప్రతి మనిషికీ నొప్పి పుట్టే చోట్లు ఇరవై దొరుకుతాయి. అన్నీ నొక్కుకుంటూ పోతే రేపు లేవలేరు.

నొక్కడం

చోటు దొరికింది కదా. ఇప్పుడు మీ బొటనవేలు తిన్నగా ఉంచి, రెండో చేతి వేళ్లు దాని మీద ఆనించండి. బలం వేలిది కాకూడదు, మీ ఒంటి బరువు కొంచెం ముందుకు వాలితే అదే చాలు. వేలి కణుపు వెనక్కి వంచి నొక్కుతూ పోతే నొప్పి వాళ్లనుంచి మీకు బదిలీ అవుతుంది. మా వృత్తిలో బొటనవేళ్లు పాడుచేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే నేను ఎక్కువ పని ఉన్న రోజు వేలు పక్కనపెట్టి, గుండ్రటి కొస ఉన్న చెక్క పిడి వాడతాను. ఉదయగిరి చెక్క గరిటెల్లో లావుపాటి కాడ ఉన్నది ఒకటి దాచుకున్నాను. దాని కొసను గరుకు కాగితంతో నునుపు చేసుకుని, పల్చటి గుడ్డ చుట్టి వాడండి.

మెల్లగా, మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ లోపలికి దిగండి. ఒకచోట గోడలా అడ్డు తగులుతుంది. అక్కడే ఆగాలి. దాన్ని పగలగొట్టడం మన పని కాదు. రుద్దొద్దు, తిప్పొద్దు, ఊపొద్దు. అలా ఉండిపోండి, అంతే. నొక్కించుకునేవాళ్లను ముక్కుతో గాలి పీల్చి నోటితో నిదానంగా వదలమనండి. ఇరవై ముప్పై సెకన్లయ్యాక ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నముద్ద మీద వేలు దిగినట్టు కింద కాస్త మెత్తబడుతుంది, ఆరున్న నొప్పి నాలుగుకో మూడుకో వస్తుంది. అప్పుడు ఆ వదులైనంత మేరకే ఇంకొంచెం దిగి మళ్లీ ఆగండి. మొత్తం ముప్పై సెకన్ల నుంచి తొంభై సెకన్లు. తొంభై దాటినా మెత్తబడకపోతే వదిలేయండి. చోటు తప్పయినా అయి ఉంటుంది, బలం ఎక్కువైనా అయి ఉంటుంది, ఆ రోజుకు ఆ కండ ఒప్పుకోనట్టయినా అయి ఉంటుంది.

వదలడం కూడా మెల్లగానే. ఠక్కున చెయ్యి తీస్తే కండ మళ్లీ బిగుసుకోవచ్చు.

మధ్యలో నొప్పి పెరుగుతూ పోతున్నా, కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నా, తిమ్మిరి ఎక్కినా వెంటనే ఆపండి, అది నరం. వేలు ఒక అంగుళం పక్కకు జరపండి. వేలి కింద నాడి కొట్టుకుంటుంటే అది రక్తనాళం, అక్కడా వద్దు.

ఒక్కో ముడికి రెండుమూడు సార్లు. ఒక రోజుకు మూడు ముడులకు మించొద్దు, మొత్తం పది పన్నెండు నిమిషాలు. అయ్యాక ఆ కండను నిదానంగా సాగదీయాలి, తర్వాత ఆ కీలును పూర్తిగా ఓ అయిదారుసార్లు కదపాలి. జనం వదిలేసేది ఈ భాగాన్నే. నొప్పి తగ్గిందని అలాగే పడుకుంటారు, పొద్దున్నే మళ్లీ మొదటికొస్తుంది. మరుసటి రోజు ఒళ్లు బరువెక్కినట్టు, పచ్చిగా ఉంటే కంగారు వద్దు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అది పోయేదాకా అక్కడ మళ్లీ నొక్కకండి. రెండు రోజులు దాటినా తగ్గకపోతే మీరు ఎక్కువ నొక్కినట్టే.

మా దగ్గర ఎక్కువగా దొరికే చోట్లు

భుజం మీది కండ. దీన్ని ట్రెపీజియస్ అంటారు. పొగాకు గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, దర్జీలు, ఫోను చూసే మనమందరం మెడ ముందుకు వంచి గంటలు గంటలు గడుపుతాం. తల బరువు నాలుగైదు కేజీలు, దాన్ని మోసే కండల్లో ఇదొకటి. ఇక్కడి ముడి నొప్పి మెడ పక్కగా ఎక్కి చెవి వెనక నుంచి కణత దాకా పోతుంది. వాళ్ల వెనక నిలబడి, బొటనవేలు వెనకా మిగతా వేళ్లు ముందూ పెట్టి కండను ఎముక నుంచి కొంచెం పైకెత్తి పట్టుకోండి. వేళ్లు మరీ ముందుకు, కాలరెముక లోపలికి పోకూడదు, అక్కడ ఊపిరితిత్తి పైకొస ఉంటుంది. మీకు మీరే చేసుకునేటప్పుడు కుడి భుజానికి ఎడమ చెయ్యి వాడండి, కుడి మోచెయ్యిని బల్ల మీద ఆనించి. తర్వాత చెవిని రెండో భుజం వైపు వంచి ముప్పై సెకన్లు ఉంచండి. భుజం కూడా చెవి వెంటే లేచి వస్తుంది, రానివ్వకండి.

భుజం రెక్క మీది కండ. ఇది నాకు బాగా ఇష్టమైన ముడి, ఎందుకంటే ఎవరూ అనుమానించరు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ చేసే ఒకతను భుజం ముందువైపు నొప్పి అని వచ్చాడు. ఆ పక్కకు తిరిగి పడుకోలేడు, ప్యాంటు వెనక జేబులో చెయ్యి పెట్టలేడు. ముందువైపే రెండు నెలలు బామ్ రాశాడు. ముడి వెనక రెక్క ఎముక పలక మీద ఉంది. ఇక్కడికి వేలు కన్నా టెన్నిస్ బంతి మేలు. గోడకు వీపు ఆనించి నిలబడి, రెక్కకూ గోడకూ నడుమ బంతి పెట్టి, ఒళ్లు కొంచెం ఆ పక్కకు తిప్పండి. బంతి వెన్ను వైపు కాకుండా చంక వైపు సగంలో ఉండాలి. మోకాళ్లు కాస్త వంచి లేపుతూ బంతిని దొర్లించండి, భుజం ముందు నొప్పి తగిలిన చోట ఆగండి. బంతి కింద పడిపోతుంటే పాత సాక్సులో వేసి సాక్సు కొసను రెండో చేత్తో పట్టుకోండి. క్రికెట్ కార్కు బంతి వాడకండి, అది ఎముకకు తగులుతుంది. ఒక్క మాట. మీరు ఎత్తలేకపోవడమే కాదు, ఇంకొకరు ఎత్తినా చెయ్యి పైకి లేవకపోతే అది ముడి కాదు, భుజం కీలు బిగుసుకుంది. షుగరు ఉన్నవాళ్లలో అది ఎక్కువ. దానికి వైద్యం వేరు.

పిర్ర. హైవే మీద లారీ తోలేవాళ్లకు, వెనక జేబులో లావు పర్సు పెట్టుకుని బండి నడిపేవాళ్లకు ఇక్కడ. నొప్పి తొడ పక్కగా పిక్క దాకా దిగుతుంది, "సయాటికా వచ్చింది" అని, అంటే నడుం దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి అని, బెంగపడి వస్తారు. కొందరికి నిజంగా అదే అయి ఉంటుంది, దగ్గినప్పుడు కాల్లోకి జివ్వున దిగినా, కాలు మొద్దుబారినా పరీక్ష చేయించుకోవాలి. అలా లేకపోతే నర్సు ఇంజెక్షన్ వేసే చోటు గుర్తు పెట్టుకోండి, పైన, బయటివైపు. బంతి అక్కడ పెట్టి గోడకు ఆనుకోండి. అలవాటయ్యాకే నేల మీద చాప పరిచి చేయండి, ఎందుకంటే నేల మీద ఒంటి బరువంతా బంతి మీదే పడుతుంది. బంతి పిర్ర నడిమధ్యకు పోతే అక్కడ పెద్ద నరం ఉంది, కాలు తిమ్మిరెక్కి తనే చెప్తుంది. పర్సు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పిక్క. నాట్ల రోజుల్లో బురదలో నడిచి నడిచి, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి తిరిగి రాత్రి పిక్కలు పట్టేస్తాయి. పైన చెప్పిన వాపూ వేడీ లేవని రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న పిక్కను రెండో మోకాలి మీద ఆనించి, కాలి బరువుతోనే నొక్కుకోండి. చేతులతో పనే లేదు. పిక్క కింది భాగంలో ముడి ఉంటే నొప్పి మడమలో తేలుతుంది.

ముంజేయి. మోచేతి బయటి ఎముకకు రెండు మూడు వేళ్ల కింద, పిడికిలి బిగిస్తే ఉబ్బే కండ. కత్తెర పట్టేవాళ్లకు, రోజంతా చపాతీలు వత్తే హోటల్ వాళ్లకు. చెయ్యి బల్ల మీద పెట్టి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించి, దొరికిన చోట ఆపి ఉంచండి.

తల వెనక, పుర్రె అంచు కింద పట్టేస్తే ఒక సాక్సులో రెండు టెన్నిస్ బంతులు పక్కపక్కన వేసి ముడి కట్టి, వెల్లకిలా పడుకుని వాటి మీద తల ఆనించండి. రెండు నిమిషాలు. తల తిరిగినట్టుంటే, కళ్లు బైర్లు కమ్మితే తీసేయండి. కీళ్లవాతం ఉన్నవాళ్లు ఇది అసలు చేయొద్దు. అరికాలికి నీళ్లసీసా దొర్లించడం అందరికీ తెలిసిందే.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది

టంగుటూరు ఆమెకు మూడోసారికే కణత పోటు చాలావరకు తగ్గింది. రెండు వారాలకు మళ్లీ వచ్చింది, అదే భుజం, అదే ముడి. మొదట్లోనే చేసి ఉండాల్సిన పని నేను ఆలస్యంగా చేశాను. ఎలా కూర్చుంటావో చూపించమన్నాను. నేల మీద గొంతుక్కూర్చుని, ఆకు కుప్ప ముందు పెట్టుకుని, కుడి చేత్తో ఆకు తీసి రంగు చూడటానికి వంగుతుంది. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు. నా పది నిమిషాల నొక్కుడు దాని ముందు ఎంత?

పని మానమనలేం. తిరగేసిన ప్లాస్టిక్ క్రేటు మీద ఆకు పెట్టుకుని, తను రెండు గోనెపట్టాలు మడిచి వేసుకుని ఎత్తుగా కూర్చోమన్నాను. ఆకు కంటికి దగ్గరైతే తల వంగడం తగ్గుతుంది. కుప్ప అయిపోయినప్పుడల్లా లేచి భుజాలు పదిసార్లు వెనక్కి తిప్పమన్నాను. గడియారం చూసి అరగంటకోసారి లేవమంటే ఎవరూ లేవరు, పనిలోనే గుర్తు ఉండాలి. దర్జీలైతే బాబిన్ మార్చినప్పుడల్లా, డ్రైవర్లు టోల్‌గేటు దాటాక టీకి ఆగినప్పుడల్లా, కంప్యూటర్ ముందు వాళ్లు ఫోను మోగినప్పుడల్లా. దిండు రెండుంటే ఒకటి తీసేయండి. ఫోను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. టెన్షన్‌తో పళ్లు బిగించే అలవాటుంటే పెదవులు కలిపి పళ్లు విడిగా ఉంచడం అలవాటు చేసుకోండి. ఇవి చెప్పడానికి చప్పగా ఉంటాయి, బంతి అంత సరదాగా ఉండవు, కానీ ముడి తిరిగి రాకుండా ఆపేవి ఇవే.

నొక్కడం మొదట వారం రోజూ, తర్వాత రోజు విడిచి రోజు. రెండు వారాలకు కాస్తయినా తేడా లేకపోతే మీరు వెతికే చోటు తప్పు, లేదా జబ్బే వేరు. ఫిజియోథెరపిస్టు దగ్గరికో, ఎముకల డాక్టరు దగ్గరికో వెళ్లి చూపించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, విటమిన్ డి తక్కువగా ఉన్నా, కొలెస్ట్రాల్ మాత్రల వల్ల కూడా ఒళ్లునొప్పులు రావచ్చు, బంతికి అవి లొంగవు.

ఆమె ఇప్పుడు గ్రేడింగ్‌కు పోయేటప్పుడు సంచిలో బంతి పెట్టుకుపోతుందట. మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడ దగ్గర నలుగురూ వరసగా నిలబడి వీపులు ఆనిస్తారట. మొన్న ఫోన్ చేసి, బంతి మెత్తబడిపోయింది, నొక్కినట్టే లేదు, ఏం చేయమంటావని అడిగింది. టెన్నిస్ బంతులు వాడకానికి అలాగే మెత్తబడతాయి. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంటే కొత్తది కొనండి, పాతది పిలకాయలకు ఇచ్చేయండి.